కూలి లెక్క నుంచి నెల జీతం దాకా: మన పళ్ళిపట్టు సీమలో టీచరు ఉద్యోగం కథ



మన నేత వీధుల్లో ఏ ఊరికి పోయినా ‘టీచరుగారి ఇల్లు’ అని పిలిచే ఇల్లు ఒకటైనా ఉంటుంది. పళ్ళిపట్టు కావచ్చు, పొదటూరుపేట కావచ్చు, ఆర్.కె.పేట, అమ్మయార్‌కుప్పం కావచ్చు. ఆ ఇంటివాళ్ళూ మనలాగా మగ్గం మీద బతికినవాళ్ళే. తాతకు మగ్గం, నాయనకు మగ్గం, కొడుక్కో కూతురికో బడి. ఆ ఒక్క నెల జీతంతో చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి, షావుకారు దగ్గర అడ్వాన్సు బాకీ తీరింది, తమ్ముడు కాలేజీకి పోయాడు. మనలో చాలామంది ఇళ్ళు మొదటిసారి అప్పులోంచి తల బయటపెట్టింది అట్లాగే.

అందుకే మన పిల్లలు నేటికీ ‘టీచరు ట్రైనింగ్ చేస్తాం’ అంటే పెద్దవాళ్ళ ముఖం వెలుగుతుంది. కానీ ఆ ఉద్యోగం నిన్న ఉన్నట్టు నేడు లేదు. మొన్న ఉన్నట్టు నిన్న లేదు. జీతం, పింఛను, సెలవు, ఇవి ఎవరో ఒకరోజు దయతలచి ఇచ్చినవి కావు. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చింది. కొన్ని వచ్చి మళ్ళీ పోయాయి కూడా. ఆ చరిత్ర తెలియకుండా పిల్లల్ని ఆ దారిన పంపితే మోసపోయేది మనమే. ఈ వార్షికోత్సవ సంచికలో ఆ సంగతులు వరుసగా చెప్పుకుందాం.

అయ్యవారికి కూడా కూలే

వీధి బడుల కాలంలో అయ్యవారికి జీతమనే మాటే లేదు. అరుగు మీద బడి, ఇసకలో అక్షరాలు. పిల్లల ఇళ్ళనుంచి గింజలు, కొద్దిపాటి నెల డబ్బులు, పండగకు పంచె. దసరాకు పిల్లల్ని వెంటేసుకుని ఇంటింటికీ పోయి కట్నం తెచ్చుకునే ఆచారం తెలుగు సీమంతటా ఉండేది. ఊరు పచ్చగా ఉంటే అయ్యవారూ పచ్చగా ఉంటాడు. కరువొస్తే ముందు మూతపడేది బడే.

తర్వాత దొరల ప్రభుత్వం బడులకు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు పెట్టిన పద్ధతి వింటే నేతగాళ్ళం మనకు వెంటనే అర్థమవుతుంది. 1862లో ఇంగ్లండులో ‘ఫలితాన్ని బట్టి చెల్లింపు’ అని ఒక నియమం వచ్చింది. అదే పద్ధతి 19వ శతాబ్దం రెండో సగంలో మదరాసు రాజధానిలోనూ నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని నిలబెట్టి చదవడం, రాయడం, లెక్కలు పరీక్ష చేస్తాడు. ఎంతమంది పాసైతే అంత గ్రాంటు. పిల్లవాడికి ఆ రోజు జ్వరమొచ్చి రాకపోతే అయ్యవారి రాబడి తగ్గినట్టే.

లుంగీకింత, చీరకింత అని మనం కూలి తీసుకోవడం లేదా? నేసిన బట్టలో మరక కనిపిస్తే కూలి కోత పడటం లేదా? అయ్యవారి సంగతీ అదే. 20వ శతాబ్దం మొదట్లో ఆ పద్ధతి పోయి స్థిరమైన గ్రాంటు వచ్చాకే ఆయనకు నెలకింత అని లెక్క కుదిరింది.

ఆ రోజుల్లోనే మన తిరుత్తణిలో 1888 సెప్టెంబరు 5న పుట్టిన తెలుగు బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్. పెద్ద ఆస్తి ఉన్న కుటుంబం కాదు. 1909లో మదరాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు, దేశానికి రాష్ట్రపతి అయ్యారు. 1962 నుంచి ఆయన పుట్టినరోజే ఉపాధ్యాయ దినోత్సవం. తమిళనాడు ప్రభుత్వం మంచి ఉపాధ్యాయులకిచ్చే అవార్డుకూ ఆయన పేరే. మన కొండ కింద పుట్టినవాడు దేశంలోని ఉపాధ్యాయులందరికీ గుర్తయ్యాడు. మనం గర్వపడదాం. కానీ పండగ రోజు పూలదండతో ఉపాధ్యాయుడి ఇల్లు గడవదు. గడిచేది జీతంతోనే.

బోర్డు బడులు, సగం పూట చదువు

మన ప్రాంతం ఎన్ని చేతులు మారిందో కొత్త తరానికి తెలియదు. ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీ, ఉత్తరార్కాడు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాం. 1920లో మదరాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. స్థానిక బోర్డుల కింద, ఎయిడెడ్ యాజమాన్యాల కింద బడులు పెరిగాయి. ఎనిమిది చదివి ట్రైనింగ్ చేసినవాళ్ళు హయ్యర్ ఎలిమెంటరీ గ్రేడు, ఎస్.ఎస్.ఎల్.సి. చదివి చేసినవాళ్ళు సెకండరీ గ్రేడు. మగ్గం ఇంటి పిల్లవాడికి అందే ఎత్తులో ఉన్న ఉద్యోగం అదొక్కటే. తాలూకా కచేరీలో గుమాస్తా కావాలంటే పలుకుబడి కావాలి. ట్రైనింగ్‌కు మార్కులు చాలు.

1953లో ఒక సంగతి జరిగింది. అది నేతవాళ్ళు మరవకూడనిది. అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల్లో కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు రోజుకు మూడు గంటలే బడిలో ఉండాలి. మిగతా పూట ఇంటిదగ్గర తండ్రి చేసే పని నేర్చుకోవాలి. బడులు, టీచర్లు చాలనందున ఉన్నవాళ్ళతోనే రెండు విడతలుగా ఎక్కువమందికి చదువు చెప్పవచ్చని ఆయన వాదన. ఆ ఇబ్బంది నిజమే. కానీ మంగలి కొడుకు మంగలిగా, నేతగాడి కొడుకు నేతగాడిగా ఉండిపోవడానికే ఇది అని పెరియార్ మొదలు ఎంతోమంది ఎదిరించారు. 1954 ఏప్రిల్‌లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు. మే నెలలో ఆ పథకం రద్దయింది.

మనం ఒక్క క్షణం ఆలోచిద్దాం. పని నేర్పేందుకు మన ఇళ్ళకు ప్రభుత్వం చెప్పాలా? మన పిల్లలు ఆరేళ్ళకే కండెలు చుట్టేవాళ్ళు. బడి గంట కొట్టేదాకా ఆసు దగ్గర, గంట కొట్టాక పలక చేతబట్టుకుని పరుగు. మన పిల్లలకు కరువైంది పని కాదు, బడిలో పూర్తి పూట. ఆ పథకం అట్లాగే నిలిచిపోయి ఉంటే మన వీధుల్లో ‘టీచరుగారి ఇల్లు’ ఎన్ని ఉండేవో లెక్క వేసుకోండి.

అంతలోనే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి చిత్తూరు జిల్లాతో పాటు మనమూ అటు పోయాం. ఆ తర్వాత పటాస్కర్ సూచనల మీద సరిహద్దులు మార్చే చట్టం 1959లో వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్ళిపట్టు సీమ మదరాసు రాష్ట్రంలో చేరింది. సత్యవేడు వైపు ఆంధ్రకు పోయింది. చుట్టాలు నగరి, పుత్తూరుల్లో, మనం ఇక్కడ. మగ్గానికి సరిహద్దు లేదు, నూలు ఎక్కడిదైనా ఒకటే. ఉద్యోగానికి మాత్రం సరిహద్దు ఉంది. తెలుగు బడిలో పాఠం చెప్పే టీచరు కూడా ఆఫీసు కాగితాల కోసం తమిళం నేర్చుకోక తప్పలేదు.

పింఛను ఎట్లా వచ్చింది

మదరాసు రాష్ట్రం 1955లో ఎయిడెడ్, స్థానిక బోర్డు టీచర్ల కోసం మూడు లాభాల పథకం పెట్టింది. ప్రావిడెంట్ ఫండు, బీమా, పింఛను, మూడూ కలిపి. దేశంలో ఇట్లాంటిది మొదట పెట్టింది మదరాసే. అంతకుముందు పూర్తి ప్రభుత్వోద్యోగికి ఉన్న ముసలితనపు భరోసా, ఊరి బడి అయ్యవారికి లేదు. మనవాళ్ళు మదరాసు రాష్ట్రంలోకి వచ్చేనాటికి ఇక్కడ ఈ పునాది పడి ఉంది.

తర్వాత పంచాయతీ యూనియన్లు వచ్చాయి. ఊరి ప్రాథమిక బడులు వాటి కిందికి పోయాయి. జీతం ఉన్నా ‘యూనియన్ టీచరు’ వేరు, ‘గవర్నమెంటు టీచరు’ వేరు అనే తేడా ఉండేది. 1981 జూన్ 1 నుంచి, ఎం.జి.ఆర్. ప్రభుత్వంలో, పంచాయతీ యూనియన్ బడుల టీచర్లందరూ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. మరుసటి ఏడాది 1982లో పోషకాహార మధ్యాహ్న భోజన పథకం మొదలైంది. కూలి దొరకని రోజుల్లో మన పిల్లలు బడి మానకుండా ఉన్నది ఆ అన్నం వల్లనే అని పెద్దవాళ్ళు చెప్పగా విన్నాం. పిల్లలు నిలిస్తే టీచరు పోస్టూ నిలుస్తుంది. 1988 జూన్ 1 నుంచి అమలైన అయిదో పే కమిషన్‌తో కేంద్ర ఉద్యోగుల జీతాలకు సమానంగా రావాలనే కోరిక చాలావరకు తీరింది.

మన ఇళ్ళలో చాలామంది టీచర్లయింది ఈ కాలంలోనే. ట్రైనింగ్ ముగించి ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజిలో పేరు నమోదు చేసుకుని, సీనియారిటీ వచ్చేదాకా మగ్గం నేస్తూ కాచుకున్నారు. పదేళ్ళు, పదిహేనేళ్ళు కాచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆర్డరు వచ్చిన రోజు వీధంతా చక్కెర పంచారు.

ఆ ఆర్డరు విలువ మగ్గంతో పోల్చి చూస్తేనే తెలుస్తుంది. వాన పడి మగ్గం గుంతలో నీరు ఊరితే మనకు కూలి లేదు. పడుగు లేకపోతే లేదు. చేయి నొప్పి పుడితే లేదు. కాన్పుకు పోయిన ఆడపిల్లకు లేదు. కళ్ళు మసకబారి నాడె కనపడని వయసులో అసలే లేదు. టీచరుకు ఇవన్నీ జీతంతో కూడిన సెలవులు. ప్రభుత్వ ఉద్యోగినికి ప్రసూతి సెలవు 2021 నుంచి 12 నెలలు. వైద్య బీమా ఉంది. జీతం అంటే చేతికొచ్చే అంకె ఒక్కటే కాదు. పని చేయలేని రోజు కూడా పొయ్యి వెలగడం.

తలుపు సన్నబడిన కాలం

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవండి. 2003 ఏప్రిల్ 1, ఆ తర్వాత చేరినవాళ్ళకు పాత పింఛను లేదు. కంట్రిబ్యూటరీ పెన్షన్ అని కొత్త పద్ధతి వచ్చింది. మూల వేతనం, కరువు భత్యం మీద నూటికి 10 మన జీతంలో కోత, అంతే ప్రభుత్వం వేసేది. చివరి జీతంలో సగం నెలనెలా వస్తుందనే పాత భరోసా అందులో లేకపోయింది. ఒకే బడిలో ఒకే తరగతి చెప్పే ఇద్దరిలో ఒకరికి ముసలితనంలో పింఛను, ఇంకొకరికి కూడబెట్టిన మొత్తం అన్నట్టుండేది. చేరిన తేదీ ఒక్కటే తేడా.

అదే ఏడాది జులైలో ఉద్యోగులు, టీచర్లు సమ్మె చేస్తే లక్షన్నరకు పైగా మందిని ప్రభుత్వం ఒక్క దెబ్బతో తీసేసింది. ఆగస్టులో సుప్రీంకోర్టు సమ్మె చేసే హక్కు లేదని చెప్పింది. క్షమాపణ రాసిచ్చి చాలామంది తిరిగి చేరారు. ఆ నెల జీతం రాని ఇళ్ళలో మళ్ళీ మగ్గం చప్పుడే అన్నం పెట్టింది.

ఆ కాలంలో కొత్తగా తీసుకున్నవాళ్ళకు మొత్తం జీతమే నెలకు సెకండరీ గ్రేడుకు 3000, బి.టి. అసిస్టెంటుకు 4000, పి.జి.కి 4500 రూపాయలు. ఇంక్రిమెంటు లేదు, భత్యం లేదు. 2006 జూన్ 1 నుంచి వాళ్ళను స్కేలులోకి తెచ్చారు.

తర్వాత ఇంకొక తేదీ, 2009 జూన్ 1. ఆ రోజుకు ముందు చేరిన సెకండరీ గ్రేడు టీచరుకు మూల వేతనం 8370 రూపాయలు, ఆ రోజు నుంచి చేరినవాళ్ళకు 5200. గ్రేడ్ పే ఇద్దరికీ 2800. నెలకు 3170 రూపాయల తేడా మూలంలోనే మొదలై, భత్యాలతో పెరుగుతూ పోయింది. సమాన పనికి సమాన వేతనం అని వాళ్ళు చెన్నైలో ఎన్నోసార్లు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఇద్దరూ ఒకే రకం లుంగీ నేస్తే, నిన్న మగ్గం ఎక్కినవాడికి తక్కువ కూలి అంటే మనం ఒప్పుకుంటామా?

నేడు దారి ఎట్లా ఉంది

పిల్లల్ని ఈ దారిన పంపే తల్లిదండ్రులకు మేం చెప్పేది ఇది.

ఒకటి నుంచి అయిదు తరగతులకు చెప్పాలంటే ప్లస్ టూ తర్వాత రెండేళ్ళ డి.ఎల్.ఎడ్. చేయాలి. బి.ఎడ్. చేస్తే ఆ తరగతులకు చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరు నుంచి పది వరకు డిగ్రీ, బి.ఎడ్. పదకొండు, పన్నెండుకు పి.జి., బి.ఎడ్. ముందే తెలుసుకోకుండా తప్పు కోర్సులో డబ్బు కట్టొద్దు.

2010 ఆగస్టు నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్ళకు టెట్ తప్పనిసరి. తమిళనాడులో మొదటి టెట్ 2012 జులైలో జరిగింది. 150 మార్కులకు 90 రావాలి. వెనుకబడిన తరగతులకు 2014లో 82 చేశారు. పద్మశాలి, దేవాంగ, సెంగుందర్, మన నేత కులాలన్నీ బి.సి. జాబితాలో ఉన్నాయి గనుక ఈ సడలింపు మనకుంది. మొదటి భాషగా తెలుగు ఎంచుకోవచ్చు. ఈ సంగతి తెలియక తమిళం రాసి మార్కులు పోగొట్టుకున్న మన పిల్లలున్నారు. టెట్ పాసు ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది.

కానీ టెట్ అంటే ఉద్యోగం కాదు, గడప దాటడానికి చీటీ మాత్రమే. 2018 జీవో ప్రకారం ఆ తర్వాత టీచర్స్ రిక్రూట్‌మెంట్ బోర్డు పోటీ పరీక్ష వేరే రాయాలి. అందులో తమిళం పేపరు తప్పనిసరి. నూటికి 40 రాకపోతే మిగతా పేపరు దిద్దరు. కాబట్టి తెలుగు మీద ప్రేమతో తమిళం వదిలేయకూడదు. రెండూ రావాలి.

చేరితే సెకండరీ గ్రేడుకు మూల వేతనం 20,600, బి.టి.కి 36,400, పి.జి.కి 36,900తో మొదలు. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం. పదవీ విరమణ వయసు 58 నుంచి 2020లో 59, 2021లో 60 అయింది.

ఇప్పటికే బడిలో ఉన్నవాళ్ళకూ ఒక మాట. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. అయిదేళ్ళకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాసు కావాలి. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం టెట్ లేకుండా రాదు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మనవాళ్ళు మళ్ళీ పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను నవ్వకండి. వాళ్ళ ఇంటి పనిలో ఒక చేయి వేయండి.

తెలుగు పోస్టు మన చేతిలోనే

చివరిగా అసలు మాట. మన సీమలో తెలుగు మాధ్యమం యూనియన్ బడులు ఉన్నాయి కాబట్టే తెలుగు చదివిన మన పిల్లలకు టీచరు పోస్టులు వచ్చాయి. ఆ పోస్టు కాగితం మీద పుట్టేది కాదు, పిల్లల సంఖ్య మీద నిలిచేది. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు. ప్రతి ఏడూ ఆగస్టు 1 నాటి లెక్క చూసి పోస్టులు నిర్ణయిస్తారు. తగ్గితే ‘సర్‌ప్లస్’ అని ఇంకొక ఊరికి పంపుతారు. రిటైరైన చోట కొత్త మనిషి రాడు.

2006లో తమిళం నేర్చుకునే చట్టం వచ్చినప్పటి నుంచి తమిళం మొదటి భాష. పదో తరగతి పిల్లలకు మినహాయింపు కోసం భాషా మైనారిటీ సంఘాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక్క ఏడాదికి ఇచ్చింది. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మైనారిటీ భాష పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే సౌకర్యం కల్పించమని చెబుతోంది. ఆ అధికరణం మన వైపే ఉంది. కానీ తరగతి గదిలో పిల్లవాడే లేకపోతే అధికరణం ఎవరికోసం?

మేం ఎవరినీ తప్పు పట్టడం లేదు. మన ఇళ్ళలోనే మర మగ్గం మీద కొంచెం డబ్బు కనపడగానే పిల్లల్ని ఇంగ్లీషు మీడియం వ్యానెక్కించాం. మంచి చదువు కావాలనే ఆశతోనే. కానీ తెలుగు బడి నుంచి పిల్లవాణ్ని తీసేస్తూనే, కూతురికి తెలుగు టీచరు పోస్టు రాలేదని బాధపడుతున్నాం. పడుగు తెంపేసి పేక ఎందుకు నిలవడం లేదని అడిగినట్టుంది.

కాబట్టి ఈ వార్షికోత్సవాన మనం మూడు పనులు పెట్టుకుందాం. ప్రతి వీధిలో బడి ఈడు పిల్లల జాబితా రాసి, కనీసం ప్రాథమిక తరగతులకు మన తెలుగు బడిలో చేర్చమని ఇంటింటికీ పోయి అడుగుదాం. రిటైరైన మన టీచర్లు ఆదివారాలు టెట్‌కు, తమిళం పేపరుకు మన పిల్లలకు చెప్పాలని కోరుదాం. ఏ కోర్సు దేనికి చెల్లుతుందో తెలియకుండా ఎవరూ ఫీజు కట్టకుండా చూద్దాం.

మన తాతలు మగ్గం మీద కూర్చుని ఒక పిల్లవాణ్ని ట్రైనింగ్‌కు పంపారు. వాళ్ళకు పింఛను లేదు. వాళ్ళ కూలిలోంచి మిగిల్చిన ఆ ఫీజే నేడు ఎన్నో ఇళ్ళకు పింఛనుగా వస్తోంది. ఆ బాకీ తీర్చాలంటే వచ్చే జూన్‌లో మన ఊరి తెలుగు బడి రిజిస్టరులో ఇంకొక పేరు చేరాలి. ఆ పేరు మీ ఇంటి బిడ్డదే కానివ్వండి.